సూది వైద్యం ధర్మసమ్మతమేనా?

రెండేళ్ళ క్రితం ఓ శుక్రవారం జుమా నమాజు కోసం మేము ఎ.కొండూరు వెళ్ళాము. విజయవాడ నుంచి మైలవరం మీదుగా తిరువూరు పోయే రహదారి మీద ఉన్న ఊరది. నమాజు ముగిశాక మస్జిద్ వరండాలో కూర్చుని ఉండగా ఒక యువకుడు, అతని వెంట అతని మేనమామ మా దగ్గరకు వచ్చారు. దారిలో ఇద్దరూ వాదించుకుంటూ వచ్చారని వారి ముఖాలే చెబుతున్నాయి.

"హజ్రత్, మా అమ్మకు సూదుల వైద్యం చేయిద్దామనుకుంటున్నాను. అది జాయిజేనా?" అని యువకుడు అడిగాడు.

మేనమామ వెంటనే అందుకున్నారు. "అది చైనా వాళ్ళ మతం హజ్రత్! గోడ మీద నలుపూ తెలుపూ కలిసిన చక్రం బొమ్మ పెట్టారు. ఒంట్లో ఏదో శక్తి తిరుగుతూ ఉంటుందట, సూదులు గుచ్చి దాన్ని సరిచేస్తారట. ఇది షిర్క్ కాదా?"

మేము తడుముకోకుండా జవాబు చెప్పాము. వైద్యం ఏ జాతి దగ్గర పుట్టిందన్నది ప్రశ్న కాదు. అందులో అల్లాహ్‌ను కాదని మరొకరిని వేడుకోవడం, మంత్రాలు చదవడం, ముడుపులు కట్టడం వంటివి లేకపోతే అభ్యంతరం లేదు. స్త్రీకి స్త్రీయే చికిత్స చేస్తే మరీ మంచిది. సూది గుచ్చినంత మాత్రాన కడుపులోకి ఏదీ పోదు కాబట్టి రోజా కూడా భంగం కాదు అన్నాము. యువకుడు సంతోషంగా సలాం చేసి వెళ్ళాడు. మేనమామ కాస్త చిన్నబుచ్చుకున్నారు. ఒక మస్అలా పరిష్కరించామన్న తృప్తితో మేము బస్సెక్కాము.

ఆ తల్లికి ఉన్న జబ్బు ఏమిటో మాత్రం మేము అడగలేదు.

మూడు వారాల తర్వాత తెలిసింది. ఆమె మూత్రపిండాలు రెండూ దాదాపుగా పని మానేశాయి. వారానికి రెండుసార్లు డయాలిసిస్ జరుగుతోంది. సూదుల శిబిరం పెట్టిన వ్యక్తి, డయాలిసిస్ మొదలుపెడితే ఇక జీవితాంతం వదలదని, తన చికిత్స పట్టాలంటే దాన్ని ఆపేయాలని, బీపీ మాత్రలు కూడా మానేయాలని చెప్పాడట. ఇంట్లో కూతురు ఒప్పుకోలేదు. ఇరుగుపొరుగు ఒప్పుకోలేదు. అప్పుడు "హజ్రత్ జాయిజ్ అన్నారు" అన్న మాట బయటికి వచ్చింది, ఆ ఇంట్లో అదే ఆఖరి మాట అయింది. పది రోజులు డయాలిసిస్ లేదు. పదకొండో రాత్రి ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి, ఊపిరాడక, పడుకోలేక కూర్చోలేక గోడను పట్టుకుని నిలబడ్డ ఆమెను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. అల్లాహ్ దయ వల్ల బ్రతికారు.

ఈ వ్యాసం ఆ మస్అలా గురించే. అయితే ఈసారి కొంచెం నిదానంగా.

ఎ.కొండూరు మండలంలో మూత్రపిండాల జబ్బు ఒక ఇంటి కష్టం కాదు. ముఖ్యంగా అక్కడి లంబాడా తండాలలో ఏళ్ళ తరబడి ఎంతోమంది ఈ జబ్బుతో మంచానపడ్డారు, చనిపోయారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు అందరికీ తెలుసు. అటువంటి బాధే ఇక్కడా ఉన్నదని లోకానికి ఆలస్యంగా తెలిసింది. మధుమేహం, రక్తపోటు లేని వారికి కూడా ఇది వస్తోంది. భూగర్భ జలంలోని ఫ్లోరైడు, సిలికా మీద అనుమానాలున్నాయి. ఎండలో చేసే కూలిపని, చాలినంత నీళ్ళు తాగకపోవడం, ఒళ్ళు నొప్పులకు ఎడాపెడా మింగే నొప్పి మాత్రలు కూడా అనుమానితుల జాబితాలో ఉన్నాయి. కారణం ఇదొక్కటేనని నేటికీ తేలలేదు. బోరు నీళ్ళకు బదులు కృష్ణా నీటిని గొట్టాల ద్వారా తెచ్చే పథకం చేపట్టారు. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కింద డయాలిసిస్ ఉచితమే. అయినా వారానికి రెండు మూడు రోజులు కూలి పోతుంది. రోగితో పాటు మరొకరి కూలి కూడా పోతుంది. నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుని ఇంటికొచ్చిన మనిషి ఆ రోజుకు ఇక దేనికీ పనికిరాడు. ఇటువంటి చోటికి "డయాలిసిస్ అక్కరలేదు" అనే మాట తీసుకొచ్చినవాడు ఎవరైనా సరే, అతని ముందు జనం బారులు తీరడంలో ఆశ్చర్యం లేదు. వారిని మూర్ఖులని తీసిపారేయడం అన్యాయం.

ముందుగా మేనమామగారి ప్రశ్న చూద్దాము. అది తేలికగా కొట్టేయదగ్గది కాదు. తౌహీద్ విషయంలో ఒక విశ్వాసి ఉలిక్కిపడటం మంచి లక్షణమే.

అజ్ఞాన కాలంలో అరబ్బులు రోగాలకు, విషాలకు ఏవో చదివి ఊదేవారు. ఇస్లాం స్వీకరించాక వాటి సంగతి ఏమిటని సహాబాలు అడిగినప్పుడు దైవప్రవక్త (స) వాటన్నిటినీ ఒక్క మాటతో నిషేధించలేదు. మీరు చదివేదేమిటో నాకు వినిపించండి అన్నారు. షిర్క్ లేనంత వరకు తప్పులేదన్న భావం గల హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అంటే ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, లోపల ఏముందని చూడమన్నారు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గుండె నొప్పితో బాధపడుతున్నప్పుడు హారిస్ బిన్ కలదా అనే వైద్యుడిని సంప్రదించమని దైవప్రవక్త (స) సూచించినట్లు అబూ దావూద్‌లో ఉంది. ఆ హారిస్ ఇస్లాం స్వీకరించాడా లేదా అన్నది చరిత్రకారుల మధ్య వివాదం. వైద్యుని నైపుణ్యం వేరు, అతని విశ్వాసం వేరు అనడానికి ఉలమాలు ఈ సంఘటనను ఆధారంగా చూపుతారు.

మన ఇళ్ళలో గౌరవంగా చెప్పుకునే యునానీ వైద్యం పేరులోనే గ్రీకు దేశం ఉంది. రక్తం, కఫం, పసుపు పైత్యం, నల్ల పైత్యం అనే నాలుగు ధాతువుల సిద్ధాంతం ముస్లిములు కనిపెట్టింది కాదు. దాన్ని తీసుకున్నారు, పరీక్షించారు, పెంచారు. చైనా వైద్యం కూడా ముస్లిం లోకానికి కొత్త కాదు. తబ్రేజ్ నగరంలో వజీరు రషీదుద్దీన్ ఫజ్లుల్లాహ్ 1313 ప్రాంతంలో చైనా వైద్య గ్రంథాలను ఫారసీలోకి అనువదింపజేశారు. ఆ సంకలనం పేరు తన్సూఖ్ నామా. ఏడు వందల ఏళ్ళ క్రితం ఒక ముస్లిం వజీరు కొలువులో చైనా నాడీ పరీక్ష గురించి చదువుకున్నారు. ఈ సంగతి మేనమామగారికి చెబితే, "అయితే అది మనదేనన్నమాట" అన్నారు! మనదా పరాయిదా అన్న లెక్క మనుషుల్ని అంత తేలికగా వదలదు.

ఇక ఆ చక్రం బొమ్మ. చలువ వేడి, చీకటి వెలుగు అనే జంటలతో ప్రపంచాన్ని వివరించే ప్రయత్నమది. "చీ" అనే శక్తి ఒంట్లో పన్నెండు ముఖ్య నాళాల వెంట ప్రవహిస్తుందని, చర్మం మీద 361 బిందువుల దగ్గర దాన్ని సరిచేయవచ్చని వారి పాత సిద్ధాంతం. శరీరాన్ని కోసి చూస్తే ఆ నాళాలు కనబడవు. ఇది తప్పుడు వివరణ కావచ్చు. తప్పుడు వివరణ షిర్క్ కాదు. ఆ శక్తే స్వయంగా స్వస్థత ఇస్తుందని, దానికి మొక్కాలని చెబితే అప్పుడు అది హరామ్. ఆ మాటకొస్తే మాత్రే స్వయంగా నయం చేస్తుందని నమ్మడం కూడా విశ్వాసంలో లోపమే. మేనమామగారి ప్రశ్నకు మేము ఆ రోజు ఇచ్చిన జవాబు ఇప్పటికీ సరైనదే.

సరైన జవాబు చెప్పి ఒక తల్లిని చావు అంచుకు ఎలా పంపాము? ఆలోచించాల్సింది ఇది.

మన దేశానికి ఈ విద్య వచ్చిన దారి కూడా తెలుసుకోదగ్గది. 1938లో జపాను దాడికి గురైన చైనాకు సహాయంగా మన దేశం నుంచి అయిదుగురు వైద్యులు వెళ్ళారు. వారిలో షోలాపూరుకు చెందిన డాక్టర్ కోట్నిస్ అక్కడే 1942లో మరణించారు. మరొకరు డాక్టర్ బిజయ్ కుమార్ బసు. ఆయన తర్వాత మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం దీన్ని ఒక చికిత్సా విధానంగా గుర్తించింది. ఆ ఉత్తర్వు ప్రతిని గోడకు అంటించి, కాబట్టి మేము ఏ రోగమైనా నయం చేయగలమనేవారు ఉన్నారు. గుర్తింపు వేరు, ప్రతి రోగానికీ పనిచేస్తుందన్న రుజువు వేరు.

మరి పనిచేసేది ఎంత? జర్మనీలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 1162 మంది మీద పెద్ద పరిశోధన చేసి 2007లో ఫలితాలు ప్రకటించారు. చైనా పద్ధతి ప్రకారం సరైన బిందువుల్లో సూదులు గుచ్చిన వారిలో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. బిందువులతో నిమిత్తం లేకుండా వేరే చోట్ల పైపైన గుచ్చిన వారిలో 44.2 శాతం మందికి మేలు కనిపించింది. మామూలు మందులు, వ్యాయామ చికిత్స తీసుకున్న వారిలో 27.4 శాతం మందికే. ఈ మూడు అంకెలనూ కలిపి చదవాలి. సూది వల్ల నొప్పి తగ్గిన మాట నిజం. కానీ ఎక్కడ గుచ్చినా దాదాపు అంతే తగ్గిందంటే 361 బిందువుల పటం మీద మనం ప్రాణం పెట్టుకోవలసిన అవసరం లేదని కూడా తేలింది. ఓదార్పు, విశ్రాంతి, నమ్మకం, చర్మం మీద స్పర్శ ఇవన్నీ నొప్పి మీద పనిచేస్తాయి.

మోకాలి నొప్పికో నడుము నొప్పికో ఒకరు సూదులు వేయించుకుని, ఆ మేరకు నొప్పి మాత్రలు మింగడం తగ్గిస్తే, ఎ.కొండూరు వంటి చోట అది మూత్రపిండాలకు మేలే. ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాము. సూది శుభ్రమైనదై, ఒకసారి వాడి పారేసేదై ఉండాలి; లేకపోతే కామెర్ల వైరస్ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది.

మూత్రపిండాల సంగతి వేరు. ఇక్కడ ఒక మాట మోసం చేస్తుంది. చైనా పాత గ్రంథాలు "మూత్రపిండం" అన్నప్పుడు స్కానింగులో కనిపించే అవయవాన్ని ఉద్దేశించవు. పుట్టుకతో వచ్చే బలం, ఎముకలు, చెవులు, భయం, సంతానం ఇవన్నీ కలిసిన ఒక భావనకు వారు ఆ పేరు పెట్టారు. దాని నాళం అరికాలిలో మొదలై కాలి లోపలి వైపుగా ఛాతీ వరకు పోతుందంటారు. "మీ మూత్రపిండ శక్తి తగ్గింది, దాన్ని లేపుతాను" అని ఆ శిబిరం మనిషి అంటే, క్రియాటినిన్ రిపోర్టు చేతిలో పట్టుకున్న కొడుకు తన తల్లి మూత్రపిండమే అనుకున్నాడు. ఇద్దరూ ఒకే మాట పలికారు, రెండు వేర్వేరు విషయాల గురించి. రక్తంలో పెరిగే పొటాషియం అరికాలిలోని సూదిని పట్టించుకోదు. అది హద్దు దాటితే గుండె ఆగుతుంది. పనిచేయని మూత్రపిండాలున్న మనిషికి సూదులు డయాలిసిస్‌కు బదులు కాగలవని చూపిన పరిశోధన ఏదీ లేదు.

ఇక్కడ మన ఫిఖ్హ్ గ్రంథాల వైపు తిరగాలి. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీలోనూ, అంతకు చాలా ముందు ఇమామ్ గజాలీ (రహ్మ) గ్రంథంలోనూ ఒక విభజన ఉంది. మద్రసాలో దాన్ని కంఠస్థం చేశాము, ఎ.కొండూరు వరండాలో గుర్తు రాలేదు. హానిని తొలగించే సాధనాలు మూడు రకాలన్నారు. మొదటిది నిశ్చితమైనది: దాహానికి నీరు, ఆకలికి రొట్టె వంటిది. రెండోది పనిచేస్తుందని బలంగా భావించదగ్గది: రక్తం తీయించడం, విరేచనాల మందు వంటి వైద్యాలు. మూడోది ఊహామాత్రమైనది: వాత పెట్టడం, చదివి ఊదడం. మూడోదాన్ని వదిలేయడం తవక్కుల్‌కు తగినదే. రెండోదాన్ని వాడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, వదిలినా పాపం లేదు. మొదటిదాన్ని ప్రాణభయం ఉన్నప్పుడు వదిలేయడం తవక్కుల్ కాదు, హరామ్. ముందు రొట్టె పెట్టుకుని ఆకలితో చచ్చినవాడు అల్లాహ్ మీద భరోసా ఉంచినవాడు కాడు.

పాత గ్రంథాలలో వైద్యమంతా రెండో మెట్టు మీదే కనిపిస్తుంది. ఆనాటి వైద్యం అంతవరకే పోగలిగింది. నేడు ప్రతి చికిత్సనూ అదే మెట్టు మీద కూర్చోబెట్టడం ఆ గ్రంథాలను చదవడం కాదు. మా అవగాహనలో, రెండు మూత్రపిండాలూ విఫలమైన మనిషికి డయాలిసిస్ రొట్టెకు చాలా దగ్గరగా ఉంటుంది. ఆపితే ఏమవుతుందో ఏ వైద్యుడైనా చెప్పగలడు. నడుము నొప్పికి సూది రెండో మెట్టు మీద ఉంటుందేమో. మూత్రపిండాల వైఫల్యానికి సూది మూడో మెట్టు. ఊహ కోసం రొట్టెను పారేయవచ్చా? ఆ రోజు మమ్మల్ని అడగవలసిన ప్రశ్న, మేము అడగనివ్వవలసిన ప్రశ్న ఇదే.

"మరి చికిత్స వద్దని ఓర్పు పట్టడం కూడా పుణ్యమే కదా?" అని ఒక మిత్రుడు వాదించారు. నిజమే. మూర్ఛ రోగంతో బాధపడే ఒక స్త్రీ దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి దుఆ కోరింది. ఓర్పు వహిస్తే స్వర్గం, కావాలంటే స్వస్థతకు దుఆ చేస్తానని ఆయన రెండు దారులూ చూపారు. ఆమె ఓర్పునే ఎంచుకుంది; మూర్ఛ వచ్చినప్పుడు ఒంటి మీద వస్త్రం తొలగకుండా మాత్రం దుఆ చేయమంది. ఎంత గొప్ప స్త్రీ! కానీ గమనించండి. ఆమె ముందు రెండు దారులూ స్పష్టంగా ఉన్నాయి. తాను దేన్ని వదులుకుంటున్నదో ఆమెకు తెలుసు. వయసు పైబడి, ఇతర జబ్బులతో శరీరం కృశించి, డయాలిసిస్ బాధ ఇక భరించలేనని, ఫలితమేమిటో తెలిసి తెలిసి చెప్పే రోగి విషయం వేరు. అది వైద్యులు, కుటుంబం, విశ్వసనీయులైన ఉలమాలు కలిసి కూర్చుని మాట్లాడుకోవలసిన సున్నితమైన మస్అలా. దాని మీద ఒక్క వాక్యంలో తీర్పు చెప్పే ధైర్యం మాకు లేదు. ఎ.కొండూరు తల్లి మాత్రం ఓర్పును ఎంచుకోలేదు. ఆమె స్వస్థతను ఎంచుకున్నాననుకుంది. ఆమెకు రెండో దారిని మూసేసి, మొదటి దారికి అబద్ధపు పేరు పెట్టి చూపించారు.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (స) చెప్పినట్లు అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజాలో ఉంది. ఇందులో సదుద్దేశానికి మినహాయింపు లేదు. "నేను మంచి కోసమే చేశాను" అన్న మాట దియత్‌ను మాఫీ చేయదు. సూదులు బాగా గుచ్చడం తెలిసిన వ్యక్తి కూడా డయాలిసిస్ ఆపమని చెప్పిన క్షణంలో తనకు తెలియని విద్యలోకి అడుగు పెట్టినట్లే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. హిజామా శిబిరాలు మన పట్టణాలలో పెరిగాయి. కప్పు పెట్టి రక్తం లాగే ఆ చికిత్సకు చైనాలోనూ పాత సంప్రదాయం ఉంది, మనకు హదీసుల ఆధారం ఉంది. హిజామాలో స్వస్థత ఉందన్నది మా విశ్వాసం. అయితే డయాలిసిస్ రోగిలో రక్తమే తక్కువ. యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, అందువల్ల గాట్ల నుంచి రక్తం త్వరగా ఆగదు. డయాలిసిస్ కోసం చేతికి ఫిస్టులా పెట్టి ఉంటే ఆ చేతికి సూదీ గుచ్చకూడదు, గాటూ పెట్టకూడదు, బీపీ పట్టీ కూడా కట్టకూడదు. ఇది అడగకుండా సున్నత్ పేరుతో గాటు పెట్టేవాడు సున్నత్‌ను కాపాడుతున్నాడా? ఈ మాటకు కొందరు సోదరులకు మా మీద కోపం రావచ్చు. తేనెను, హిజామాను, అగ్నితో వాత పెట్టడాన్ని స్వస్థత సాధనాలుగా పేర్కొంటూనే, వాతను తన సముదాయానికి వద్దన్నారు దైవప్రవక్త (స). మరోవైపు బాణం తగిలి రక్తం ఆగని హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) గాయానికి ఆయనే వాత పెట్టారు. ఒకే సాధనం ఒకరికి వద్దు, మరొకరికి తప్పనిసరి. చైనా వారు మాచిపత్రి జాతి ఆకును చర్మం దగ్గర కాల్చే చికిత్సకూ, మన పల్లెల్లో పసిపిల్లల కడుపు మీద పెట్టే వాతలకూ ఇదే కొలబద్ద పెట్టి చూడండి.

సూది కన్నా పొట్లం ప్రమాదం. 1990ల మొదట్లో బెల్జియం దేశపు బ్రస్సెల్స్‌లో ఒళ్ళు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన స్త్రీలలో వంద మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 1993లో వైద్యులు ఈ సంగతి బయటపెట్టారు. ఒక మూలికకు బదులు మరొకటి, అరిస్టోలోకియా జాతి తీగ, కలవడమే కారణం. వారిలో కొందరికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. మన దగ్గర ఈశ్వరి అని పిలిచే తీగ ఆ జాతిదే. చెట్టు మందు కాబట్టి హాని చేయదన్న మాట ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. సూదులతో పాటు పొట్లం కూడా ఇస్తే అందులో ఏముందో పేరుతో సహా అడిగి, మూత్రపిండాల డాక్టరుకు చూపించనిదే నోట్లో వేసుకోవద్దు.

చివరగా మా సంగతి. ఒక ప్రయాణంలో ఒకాయన తలకు రాయి తగిలి గాయమైంది. ఆ రాత్రి ఆయనకు గుస్ల్ తప్పనిసరి అయింది. తయమ్ముమ్‌కు వీలుందా అని తోటివారిని అడిగితే, నీళ్ళుండగా వీలులేదన్నారు. ఆయన స్నానం చేశారు, చనిపోయారు. ఈ వార్త విన్న దైవప్రవక్త (స) ఆ జవాబు చెప్పినవారి మీద తీవ్రంగా ఆగ్రహించారు, వారే అతన్ని చంపారన్నారు, తెలియనప్పుడు అడగాల్సిందన్నారు. ఈ హదీసును విద్యార్థి దశలో తయమ్ముమ్ అధ్యాయంలో చదివాము. మస్అలా రాసుకున్నాము, పరీక్షలో జవాబు రాశాము. ఆ హదీసులోని మనుషులు నీళ్ళ గురించి చెప్పింది పుస్తకం ప్రకారం తప్పేమీ కాదు. వారు గాయాన్ని చూడలేదు. మేమూ చక్రం బొమ్మను చూశాము, గాయాన్ని చూడలేదు.

ఆ యువకుడి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాము. "మీరేం చేస్తారు హజ్రత్, మేమే చెప్పలేదు కదా" అన్నాడు. అతని మంచితనం అది. చెప్పించాల్సింది మేము.

మొన్న మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ తల్లి గడప దగ్గర కూర్చుని ఉన్నారు. వారానికి మూడు రోజులు డయాలిసిస్ నడుస్తోంది. మోకాలి నొప్పికి డాక్టరును అడిగి, ఫిస్టులా లేని వైపు, డయాలిసిస్ లేని రోజున సూదులు వేయించుకుంటున్నారట. కొంత హాయిగా ఉంటుందన్నారు. మేనమామగారు ఆటోలో తీసుకెళ్ళి తీసుకొస్తున్నారు. "హజ్రత్, డయాలిసిస్ అయ్యాక చేతికి కట్టు ఉంటుంది కదా, వజూ ఎలా చేయాలి? కట్టు మీద మసహ్ చేస్తే సరిపోతుందా?" అని ఆమె అడిగారు. కట్టు ఎంతసేపు ఉంచాలి, తడిస్తే ఏమవుతుంది అని ఆసుపత్రిలో అడిగి వచ్చి చెబుతామన్నాము.